కాటన్ నేర్చుకున్న విద్య

సర్ ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించాడు. 1821లో ఇంజనీరుగా మద్రాసుకు వచ్చాడు. కావేరి ప్రాంతంలో నీటిపారుదల పనులు చూస్తున్నప్పుడు తిరుచిరాపల్లి సమీపంలోని కల్లణై ఆయనను ఆకర్షించింది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆ ఆనకట్ట శతాబ్దాలుగా వరదలకు తట్టుకొని నిలిచింది. కావేరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే. అందువల్ల పూర్వులు పెద్ద బండలను నీటిలో పడవేశారు. అవి ఇసుకలో కూరుకొని కదలకుండా నిలిచాక, వాటిపై బంకమట్టితో రాళ్లు పేర్చారు. ఈ కిటుకును కాటన్ శ్రద్ధగా గ్రహించాడు. 1836 నాటికి కావేరి పాయ అయిన కొల్లిడంపై ఆనకట్టలు కట్టించాడు.

ఆ రోజుల్లో గోదావరి డెల్టాను ఒక ఏడు వరద ముంచితే మరొక ఏడు కరువు మాడ్చేది. 1833 కరువులో ఎందరో ఆకలితో మరణించారు. గోదావరి అడుగూ ఇసుకే. కాటన్ తాను నేర్చిన విద్యనే నమ్మి, ధవళేశ్వరం వద్ద 1847లో పని ప్రారంభించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి. డెల్టా అన్నపూర్ణ అయింది.

ఇసుకలో పునాది నిలిపే విద్యను ఈ దేశస్థుల వద్దనే నేర్చుకున్నామని కాటన్ తరువాత దాపరికం లేకుండా రాశాడు. 1899లో ఆయన కన్నుమూశాడు.

నేడు వానలు గతి తప్పుతున్నాయి. చెరువుల గురించి, వాగుల గురించి మన ఊరి పెద్దలకు తెలిసినదాన్ని మనమూ అంతే శ్రద్ధగా నేర్చుకోవాలి.