ఆ ‘డీ’ వెనక ఉద్యోగం పోయిన ఓ ప్రొఫెసర్

లినక్స్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నారా? అయితే ఎస్‌ఎస్‌హెచ్‌డీ, క్రాన్‌డీ, సిస్టమ్‌డీ లాంటి పేర్లు రోజూ మీ కంటపడుతూనే ఉంటాయి. ఇవి తెర మీద కనిపించవు, పని చెప్పేవాళ్లు పక్కన ఉండక్కర్లేదు. దూరం నుంచి వచ్చే లాగిన్లు ఒకటి చూసుకుంటుంది. వేళకి చేయాల్సిన పనులు ఇంకోటి మొదలుపెడుతుంది. మూడోది మిగతా సర్వీసుల్ని లేపుతుంది, ఆపుతుంది, కాపలా కాస్తుంది. వీటినే డీమన్లు అంటారు, పేరు చివరి ‘డీ’ అదే. ఈ మాట ఎక్కడిదో తెలియాలంటే కంప్యూటర్లు రాకముందే కన్నుమూసిన ఒక స్కాట్లండ్ శాస్త్రవేత్త కథ తెలుసుకోవాలి.

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1831 జూన్ 13న ఎడిన్‌బరోలో పుట్టారు. పెరిగింది పల్లెలోని గ్లెన్‌లైర్ అనే సొంత ఎస్టేట్‌లో. మూడేళ్లు నిండకముందే తలుపులు, తాళాలు, పిలుపు గంటల తీగలు ఎలా పనిచేస్తాయో చెప్పమని ఇంట్లోవాళ్లని వేధించేవారు. ఎనిమిదేళ్ల వయసులో తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఎడిన్‌బరోలో బడికి వెళ్తే ఆయన పల్లెటూరి బట్టలు, యాస చూసి తోటిపిల్లలు తిక్కలోడని పేరు పెట్టారు. పద్నాలుగేళ్లకే ఆయన అండాకార వక్రాలపై ఒక పరిశోధన రాశారు. మరీ చిన్నవాడు కావడంతో ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో దాన్ని ప్రొఫెసర్ ఫోర్బ్స్ చదివి వినిపించారు. 1854లో కేంబ్రిడ్జ్ గణితం పరీక్షలో ఆయనది రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు ఎవరిదో ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

1856లో అబర్డీన్‌లోని మార్షల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. శని గ్రహం వలయాలు గట్టి పళ్లేలు కావు, విడివిడిగా తిరిగే లెక్కలేనన్ని ముక్కలని గణితంతో తేల్చి ఆడమ్స్ ప్రైజ్ గెలిచారు. ప్రిన్సిపల్ కూతురు కేథరిన్‌ని పెళ్లి చేసుకున్నారు. ఇక లైఫ్ సెటిల్ అనుకుంటాం కదా! 1860లో ఆ ఊళ్లోని రెండు కాలేజీల్ని కలిపేశారు. ఒకే సబ్జెక్టుకి ఇద్దరు ప్రొఫెసర్లు దేనికని ఒకరిని తీసేశారు. ఆ ఒకరు మాక్స్‌వెల్. మామగారు ప్రిన్సిపల్ అయినా లాభం లేకపోయింది. ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఖాళీ ఉందని అప్లై చేస్తే, ఆ పోస్టు చిన్ననాటి స్నేహితుడు పీటర్ టెయిట్‌కి దక్కింది. అదే ఏడాది మశూచి కూడా సోకింది, కేథరిన్ సేవలతో గట్టెక్కారు.

తర్వాత లండన్ కింగ్స్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి ఒకే కుటుంబమని చూపిన సమీకరణాలు అక్కడివే. మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. 1865లో ఆ ఉద్యోగం తనే వదిలేసి గ్లెన్‌లైర్ వెళ్లిపోయారు. ఆస్తి ఉంది కాబట్టి ఆ ధైర్యం చెల్లింది, మనందరికీ కుదిరే పని కాదు.

అయితే మన కథకి కావాల్సిన రెండు ఆలోచనలూ బయటికొచ్చింది చేతిలో ఉద్యోగం లేని ఆ రోజుల్లోనే. 1867 డిసెంబరులో ఒక ఉత్తరంలో ఆయన ఓ ఊహ రాశారు. గాలి నిండిన పెట్టె, మధ్యలో అడ్డుగోడ, దానికో బుల్లి తలుపు. ఆ తలుపు దగ్గర అణువుల్ని ఒక్కొక్కటిగా చూడగల బుల్లి కాపలాదారు. వేగంగా వచ్చేవాటిని ఒకవైపుకి, నెమ్మదైనవాటిని రెండోవైపుకి వదులుతాడు. కాసేపటికి ఏ ఇంజినూ లేకుండానే ఒకవైపు వేడెక్కుతుంది, ఇంకోవైపు చల్లబడుతుంది. వేడి తనంతట తాను చల్లని చోటు నుంచి వేడి చోటుకి పోదన్న సూత్రం కోట్ల అణువుల సగటు లెక్క మాత్రమేనని చెప్పడం ఆయన ఉద్దేశం. ఆ ఉత్తరం ఎవరికో తెలుసా? ఎడిన్‌బరో ఉద్యోగం దక్కించుకున్న టెయిట్‌కే! కాపలాదారుకి డీమన్ అని పేరు పెట్టింది మాత్రం 1874లో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్.

రెండోది 1868 నాటి గవర్నర్ల పేపర్. పదవుల గవర్నర్లు కాదు, ఆవిరి ఇంజిన్ వేగం పెరిగితే తగ్గించి, తగ్గితే పెంచే పరికరాలు. దిద్దుబాటు ఎలా ఉంటే యంత్రం కుదుటపడుతుందో, ఎలా ఉంటే ఊగిసలాట పెరిగిపోతుందో ఆయన లెక్క కట్టారు. మీరు సర్వీస్ ఫైల్లో రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్ అని రాస్తున్నప్పుడు ఉన్న సమస్య ఇలాంటిదే. పడిపోయిన సర్వీసుని సిస్టమ్‌డీ మళ్లీ లేపుతుంది. కానీ కాన్ఫిగరేషన్లోనే తప్పుంటే లేపిన ప్రతిసారీ పడిపోతుంది. అందుకే సాధారణ సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపదు, ఫెయిల్డ్ అని చూపించి ఆగిపోతుంది. అప్పుడు ఊరికే స్టార్ట్ కొడుతూ కూర్చోకండి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూడండి, జర్నల్‌సీటీఎల్లో లాగ్ చదవండి.

1871లో కేంబ్రిడ్జ్ ఆయన్ని కొత్త కావెండిష్ ప్రొఫెసర్‌గా పిలిచింది. ముందు థామ్సన్‌ని అడిగితే ఆయన కాదన్నారు. ల్యాబ్ భవనాన్ని దగ్గరుండి కట్టించారు, అది 1874లో మొదలైంది. 1879 నవంబరు 5న, 48 ఏళ్లకి, తల్లిని తీసుకెళ్లిన జబ్బుతోనే ఆయనా పోయారు.

అమెరికాలో ఎంఐటీ ప్రాజెక్ట్ మ్యాక్‌లో ఫెర్నాండో కొర్బాటో బృందం 1963లో ఐబీఎం 7094 మీద పనిచేస్తోంది. ఎవరూ చెప్పకుండానే వెనకాల నడిచే ప్రోగ్రాములకి ఒక పేరు కావాల్సొచ్చింది. కొర్బాటో ఫిజిక్స్ చదివినవాడు, బుల్లి తలుపు దగ్గరి కాపలాదారు గుర్తొచ్చాడు. ఆ పేరు పెట్టుకున్న మొదటి ప్రోగ్రాము చేసిన పని, ఫైళ్లని టేపుల మీదికి బ్యాకప్ తీయడం.