తొమాస్ ఓ క్రోహన్

తొమాస్ ఓ క్రోహన్ (1850ల మధ్యకాలం - మార్చి 7, 1937) ఐర్లాండు దేశానికి చెందిన జాలరి, ఐరిష్ భాషా రచయిత. నైరుతి తీరాన కెర్రీ కౌంటీకి ఎదురుగా సముద్రంలో ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపంలో జన్మించి, జీవితమంతా అక్కడే గడిపాడు. ఈయన ఆత్మకథ "అన్ టిలానాఖ్" (ద్వీపవాసి) 1929లో వెలువడింది. ఆనాటి ఐర్లాండు పల్లె ప్రజలు ఏమి తిన్నారో, ఏమి కట్టుకున్నారో ఇంత వివరంగా తెలిపే పుస్తకాలు అరుదు.

బాల్యము - ఆహారము, దుస్తులు

1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకడంతో మొదలైన మహాక్షామం ముగిసిన కొద్ది సంవత్సరాలకే ఈయన జన్మించాడు. అయినప్పటికీ ద్వీపవాసులకు ఆ దుంపయే ప్రధానాహారం. దినమునకు రెండు పూటలే భోజనం. ఉడికించిన దుంపలు, చేపలు, ఉంటే కాసిని పాలు. దుంపలు చాలనప్పుడు మొక్కజొన్న పిండి రొట్టె. కుందేళ్ళు, సముద్రపక్షుల గుడ్లు, సీల్ మాంసము కూడా తినేవారు.

గొర్రెల ఉన్నిని స్త్రీలు ఇంటనే వడికేవారు. మగపిల్లలు సైతం బాగా ఎదిగేవరకు ముతక ఉన్ని లంగాలే ధరించేవారు. తొమాస్ కూడా అలాగే పెరిగాడు. మనకిది వింతగా తోచవచ్చు గాని పశ్చిమ ఐర్లాండులో అది సర్వసాధారణం. ద్వీపంలో తేనీటి అలవాటు లేని రోజులలో ఒక నౌక పగిలి తేయాకు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని ఉపయోగం ఎరుగని వారు దానితో లంగాలకు రంగు వేసుకున్నారట. పుస్తకంలో ఇది మిక్కిలి వినోదకరమైన ఘట్టం.

కుటుంబము

1878లో వివాహమైంది. పదిమంది సంతానంలో పలువురు తండ్రి బ్రతికి ఉండగానే మరణించారు. ఒక కుమారుడు పక్షిపిల్లను పట్టబోయి కొండ అంచు నుండి జారిపడ్డాడు. మరొకడు 1909లో సముద్రంలో మునిగిపోతున్న యువతిని రక్షించబోయి తానూ మునిగిపోయాడు. ఈ దుఃఖాన్ని ఆయన ఎంతో క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాడు. ఆ సంయమనమే పాఠకుని కలచివేస్తుంది.

రచన

బడిలో నేర్చినది ఇంగ్లీషు చదువే. మాతృభాషను చదవడం, వ్రాయడం నడివయసులో అలవరచుకున్నాడు. 1907లో నార్వే పండితుడు కార్ల్ మార్‌స్ట్రాండర్, 1910లో ఆంగ్ల పండితుడు రాబిన్ ఫ్లవర్ ఈయన వద్ద ఐరిష్ నేర్చుకోవడానికి వచ్చారు. 1917లో ద్వీపానికి వచ్చిన బ్రయాన్ కెల్లీ, గోర్కీ రచనలు వినిపించి, జాలరి జీవితమూ సాహిత్యం కాగలదని ఒప్పించాడు. తమ జీవనవిధానం త్వరలో అంతరించనున్నదని గ్రహించియే తొమాస్ కలం పట్టాడు. ఫ్లవర్ చేసిన ఆంగ్లానువాదం 1934లో వచ్చింది.

1953లో ఐర్లాండు ప్రభుత్వం ద్వీపంలో మిగిలిన కొద్దిమందిని ఎదుటి తీరానికి తరలించింది.