నిప్పు రంగు రెక్కల వెంట వాలేస్

డార్విన్ పేరు మనం సైన్సు పాఠంలో చదివాం. అదే పరిణామ సూత్రాన్ని విడిగా కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ గారి సంగతి చాలామందికి తెలీదు. అందుకే ఈసారి ఆయన గురించి రాస్తున్నాను.

వాలేస్ 1823 జనవరి 8న వేల్స్ దేశంలో పుట్టారు. ఇంట్లో డబ్బు లేక సుమారు 14 ఏళ్ళకే బడి మానేసి, అన్న వెంట భూములు కొలిచే పనికి వెళ్ళారు. 1848లో అమెజాన్ అడవులకు పోయి నాలుగేళ్ళు పురుగులు, పక్షులు సేకరించారు. 1852లో తిరిగొస్తుంటే నడిసముద్రంలో ఓడ తగలబడింది. పోగుచేసిందంతా దాదాపు బూడిదే! పది రోజులు పడవల్లో గడిపి బతికి బయటపడ్డారు. నేనైతే ఇక ఇల్లు కదిలేదాన్ని కాదు. ఆయన మాత్రం 1854లో మళ్ళీ బయల్దేరి, ఇప్పటి మలేషియా, ఇండోనేషియా దీవుల్లో 8 ఏళ్ళు తిరిగారు.

1858 అక్టోబరులో బచాన్ దీవికి చేరారు. అక్కడ చిత్తడి అడవిలో పెద్ద సీతాకోకచిలుక ఒకటి అందనంత ఎత్తులో కనిపించింది. ముదురు రంగు, తెలుపు పసుపు మచ్చలు. అది బర్డ్‌వింగ్ జాతి ఆడది, అదీ కొత్త రకం అని చూడగానే పోల్చుకున్నారు. ఎందుకంటే చుట్టుపక్కల దీవుల బర్డ్‌వింగులు ఆయనకు బాగా తెలుసు. వాటిలో మగవి పచ్చగా మెరుస్తాయి. మరి ఇక్కడి మగది ఏ రంగు? రెండు నెలలు పైగా కాచుకున్నాక, ముసెండా పొద దగ్గర వలలో పడింది. రెక్కలు చాపితే 7 అంగుళాల పైనే. మఖమల్ లాంటి నలుపు మీద నిప్పు రంగు. వాలుగా చూస్తే అదే పసుపుగా, పచ్చగా మారుతుంది! ఆయనకు గుండె దడదడలాడి సొమ్మసిల్లినంత పనయ్యింది. ఆ రోజంతా తలనొప్పి. 1859లో దానికి క్రీసస్ అనే ధనిక రాజు పేరు పెట్టారు.

ఇంకో సంగతి. మన నిమ్మ, కరివేప చెట్ల దగ్గర తిరిగే నల్ల సీతాకోకచిలుక కామన్ మార్మన్‌లో ఆడవి మూడు రకాలు. అవన్నీ ఒకే జాతి అని 1865లో వివరించింది కూడా ఈయనే. ఎర్రమచ్చల ఆడది, పక్షులు తినని విషపు సీతాకోకచిలుక వేషం వేస్తుంది.

అలీ గురించి రాయకపోతే అన్యాయం. సారవాక్ కుర్రాడు, వంటకని చేరి పక్షుల్ని కొట్టడం, చర్మం ఒలవడం నేర్చాడు. బచాన్‌లో శాస్త్రవేత్తలెవరూ ఎరగని పక్షిని మొదట తెచ్చింది అతనే. పేరు మాత్రం వాలేస్‌దే పెట్టారు. వాలేస్ గారు అలీని మెచ్చుకుంటూ రాశారు, నిజమే. అయినా పక్షికి అలీ పేరు ఉండాల్సిందని నేనంటాను. 1907లో టెర్నేట్ దీవిలో ఒక అమెరికా శాస్త్రవేత్తకు ముసలి అలీ ఎదురై, తన పేరు అలీ వాలేస్ అని చెప్పుకున్నాడట.

వాలేస్ గారు 1913 నవంబరు 7న, 90వ ఏట కన్నుమూశారు.