తండ్రి పేరిట రామకథ: గోన బుద్ధారెడ్డి

దేవుడు ముందా? కన్నవాళ్ళు ముందా? మన పురాణకథల అడుగున ఈ ప్రశ్న ఏరులా పారుతూనే ఉంటుంది. ప్రహ్లాదుడు హరిని నమ్మి తండ్రిని కాదన్నాడు. విభీషణుడు రాముణ్ణి శరణుజొచ్చి తోడబుట్టినవాణ్ణి విడిచి వచ్చాడు. లోకం ఆయన్ను పరమభక్తుడని పొగిడింది. అదే లోకం, అదే నోటితో, ఇంటిగుట్టు లంకకు చేటని సామెత కూడా కట్టింది! ఒక్క మనిషికే రెండు తీర్పులు. అంటే ఈ తగవు మన జనం మనసులో ఇంకా తెగలేదన్నమాట.

ఈ తగవును తన బతుకులో, తన కావ్యంలో తనదైన తీరులో తీర్చుకున్న మనిషి ఒకడు మన పాలమూరు గడ్డమీద పుట్టాడు. ఆయనే గోన బుద్ధారెడ్డి. తెలుగులో తొలి సంపూర్ణ రామాయణమనదగిన రంగనాథ రామాయణ కర్త. మన విద్యార్థి మిత్రుల్లో చాలామందికి ఆ గ్రంథం పేరు తెలుసు, కవి పేరు తెలియదు. ఎందుకు తెలియదో ఈ కథ చివరికి వచ్చేసరికి మీకే బోధపడుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ పోయే తోవలో బిజినేపల్లి వస్తుంది. ఆ మండలంలోనిదే నంది వడ్డెమాను. శనిదేవుని గుడికి భక్తులు వచ్చే ఊరుగానే నేడు పదిమందికీ తెలుసు. కాకతీయుల కాలంలో దాని పేరు వర్ధమానపురం. గోన వంశీయుల రాజధాని. వారు కాకతి ప్రభువులకు సామంతులు. యుద్ధం వారికి కులవృత్తి వంటిది. ఆ వంశంలోని గన్నారెడ్డిని అడివి బాపిరాజు నవలానాయకుణ్ణి చేశాడు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాతో ఆ పేరు పిల్లల నోళ్ళలో కూడా నానింది. రాయచూరు కోటగోడలో ఒక పెద్ద రాతిమీద 1294 నాటి శాసనం ఉన్నది. అది కూడా ఈ గన్నారెడ్డి పాలనను చాటేదే. ఇట్లా కత్తి పట్టిన ఇంట్లో గంటం పట్టినవాడు బుద్ధారెడ్డి. పదమూడవ శతాబ్దివాడు.

ఆయన తండ్రి విఠలనాథుడు. ఒకనాడు ఆ ప్రభువు కొలువులో రామకథా ప్రసంగం వచ్చింది. ఆ కథ తెలుగులో వినాలని ఆయనకు కోరిక పుట్టింది. చెప్పగలవాడెవడని విచారిస్తే, సభలోనివారు వేరే ఊరి పండితుణ్ణి చూపలేదు, మీ కొడుకే సమర్థుడన్నారు. తండ్రి కొడుకును పిలిపించి, తన పేరిట రామాయణం చెప్పమన్నాడు. కొడుకు సరేనన్నాడు. కావ్యారంభంలో కవి చెప్పుకున్న సంగతి ఇది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పూర్వకవులు కావ్యాన్ని రాజుకు అంకితమిచ్చారు, లేదా దేవునికి అంకితమిచ్చారు. అంకితమిచ్చినా కర్తృత్వం తమదే. బుద్ధారెడ్డి అంతకన్నా ఒక అడుగు ముందుకు వేశాడు. కథ రామునిది, కష్టం తనది, పేరు తండ్రిది! దైవభక్తి, పితృభక్తి అనే రెండు బరువులను ఒకే కావడిలో వేసుకొని నడిచాడు. పైగా ఆయన ఎత్తుకున్న కథ ఎటువంటిది? తండ్రి మాటకోసం రాజ్యం విడిచిన కొడుకు కథ. తండ్రి మాటను శిరసావహించి, తండ్రి మాటను శిరసావహించినవాని కథ చెప్పాడు!

చెప్పిన తీరు కూడా గమనించదగ్గది. కవిత్రయంలో ముందున్న నన్నయ, తిక్కనలు పద్యం నడిపారు. బుద్ధారెడ్డి ద్విపద పట్టుకున్నాడు. రెండేసి పాదాల పాట అది, చదువురానివాడు కూడా వింటూ తలాడించగల నడక. పాల్కురికి సోమన దాన్ని శివభక్తులకోసం వాడితే, ఈయన రామకథకు వాడాడు. బాలకాండ మొదలు యుద్ధకాండ దాకా ఆరు కాండలు, పదిహేడు వేలకు పైబడిన ద్విపదలు. తోలుబొమ్మలాటవాళ్ళు ఈ రామాయణాన్నే ఆధారం చేసుకొని తెల్లవార్లూ ఆడారు. ఆ విధంగా కొలువులో పుట్టిన కావ్యం పందిట్లోకి నడిచి వచ్చింది.

వాల్మీకిలో లేని కథలు ఇందులో ఎన్నో. సేతువుకు ఇసుక మోసిన ఉడుత, చిన్ననాడు రామునిమీద పెంచుకున్న మంథర కక్ష, కాలనేమి మాయ, ఇట్లా జనం చెప్పుకునే అద్భుతాలన్నీ ఆయన ఏరుకొచ్చి గుదిగుచ్చాడు. వాటిలో కొన్నింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దేవునివైపు నడిచినవాణ్ణి మాత్రమే చూపి ఊరుకోలేదు ఈ కవి. వాని వెనుక ఇంట్లో మిగిలినవాళ్ళను కూడా చూశాడు.

ఊర్మిళ సంగతే తీసుకోండి. అడవిలో లక్ష్మణుడు అన్నావదినెలకు కావలి కాస్తున్నాడు. నిద్రాదేవి స్త్రీరూపంలో ఎదుట నిలిచింది. పద్నాలుగేళ్ళు నా జోలికి రాకు, నా వంతు నిద్ర కూడా అయోధ్యలో నా భార్యకు ఇయ్యి, తిరిగి వచ్చాక నన్ను చేరుకో అని అతడు కోరాడు. ఆమె ఒప్పుకున్నది. తీరా పట్టాభిషేక వేళ మాటప్రకారం నిద్ర వచ్చి నిలబడేసరికి, నిండుసభలో లక్ష్మణునికి నవ్వు ఆగలేదు. ఎవరిని చూసి నవ్వాడోనని సభలో ఒక్కొక్కరూ తమ తమ లోపాలు తలచుకొని కలతపడ్డారు. చివరికి అతడు అసలు సంగతి చెప్పవలసి వచ్చింది.

వినడానికి హాస్యంగా ఉన్నది కదూ? కాని లెక్క చూడండి. ఒకడు పద్నాలుగేళ్ళు రెప్ప వాల్చకుండా ఉండాలంటే, మరొకరు పద్నాలుగేళ్ళు రెప్ప తెరవకుండా ఉండాలి. అన్నసేవ అతనిది, దాని ఖరీదు ఆమెది. మన పాలమూరువాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. దశాబ్దాలపాటు మన జిల్లా మనుషులు దేశంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి మోయడానికి వలసపోయారు. కట్టిన ఆనకట్టలు అందరికీ కనబడ్డాయి. ఊళ్ళో తలుపు దగ్గర ఎదురుచూసిన అవ్వలు, ఆడవాళ్ళు ఎవరికి కనబడ్డారు? ఇంట్లో మిగిలినవాళ్ళను కూడా కథలోకి తేవాలన్న చూపు ఈ గడ్డమీది కవికి ఉండటం నాకు వింతగా తోచదు.

లంకలోనూ ఇదే తీరు. కొడుకు నాశనం కళ్ళముందు కనబడుతుంటే తల్లి కైకసి రావణునికి హితవు చెబుతుంది. మందోదరీ చెబుతుంది. రాముని గొప్పతనం తెలిసి కూడా వాళ్ళు ఇల్లు విడువలేదు. ఇంద్రజిత్తు పడిపోతే అతని ఇల్లాలు సులోచన భర్త దేహం అడగటానికి శత్రుశిబిరంలోకి, సాక్షాత్తు రాముని ఎదుటికి వెళ్ళింది. రాముడు ఆమెపట్ల కరుణ చూపాడు. ఆమె సహగమనంతో ఆ కథ ముగుస్తుంది. ఆ ముగింపును నేటి మనసు ఒప్పుకోదు, ఒప్పుకోనవసరమూ లేదు. కాని దేవుని ఎదుట నిలబడి కూడా తనవాణ్ణి మరవని ప్రేమను కవి చిన్నబుచ్చలేదు. దేవుని పక్షాన ఉన్నవాళ్ళకే కాదు, ఎదుటి పక్షాన ఉన్నవాళ్ళకూ కుటుంబం ఉంటుందని ఆయన మరవలేదు.

ఇక ఆయన సొంత కుటుంబం మాట. బుద్ధారెడ్డి పట్టాభిషేకంతో కథ ఆపాడు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచభూపతి, విఠలభూపతి ద్విపదలోనే పూర్తిచేశారు. చూశారా, ఒక కొడుకు పేరు తాతగారిదే! తండ్రికోసం కొడుకు మొదలుపెట్టిన పనిని, ఆ కొడుకు కొడుకులు ముగించారు. వాళ్ళ చేతికి వచ్చిన కథ కూడా చిత్రమైనదే: కుశలవులు తండ్రి కథను తండ్రి ఎదుటనే గానం చేసిన కథ.

కూతురు కుప్పాంబిక. మల్యాల వంశపు సేనాని గుండయ్య భార్య. భర్త పోయాక ఆమె ఆయన పేరిట గుండేశ్వరాలయం కట్టించి శాసనం వేయించింది. ఆ శాసనం 1276 నాటిది. తొలి తెలుగు కవయిత్రి ఈమేనని చెప్పే పండితులున్నారు. శాసనం ఉన్న ఊరు బుద్ధాపురం. అంటే ఆమె తండ్రి పేరు నిలిపిన ఊరు. అదే నేటి భూత్పూర్. మనం నాగర్‌కర్నూల్ పోయే బస్సులో ముందు భూత్పూర్ దాటి, తర్వాత బిజినేపల్లి చేరతాం. కూతురి శాసనం, తండ్రి రాజధాని ఒకే తోవలో ఉన్నాయి. టిక్కెట్టు తీసుకొని కునుకు తీసే మనకు ఆ సంగతి తట్టదు, అంతే!

తండ్రి రామునికథను తన తండ్రి పేరిట చెప్పాడు. కూతురు శివుని గుడిని భర్త పేరిట కట్టింది. ఆ ఇంట్లో దేవుడూ మనుషులూ ఒకరికొకరు పోటీ కాలేదు.

అయితే దీనికి బుద్ధారెడ్డి కట్టిన మూల్యం తక్కువదేమీ కాదు. విఠలుడంటే పాండురంగడు. రంగడంటే రంగనాథుడు. అట్లా తండ్రి పేరే గ్రంథానికి రంగనాథ రామాయణమని వచ్చిందని ఒక వాదం. ఆ పేరును చూసి, రంగనాథుడనే కవి ఎవరో రాశాడని మరొక వాదం. పండితులు తరాలపాటు ఈ మాటమీద తర్కించుకున్నారు. గోన బుద్ధరాజు పేరు కావ్యంలోనే ఉన్నా, గ్రంథం నెత్తిన లేకపోవడంవల్ల ఇంత రభస! తండ్రి పేరు నిలబెట్టిన కొడుకు, తన పేరు తానే వెనక్కి నెట్టుకున్నాడు.

మిత్రులారా! మనలో చాలామంది ఇంటికి మొదటి చదువరులం. తల్లిదండ్రుల కష్టం ఒకవైపు, మనం నమ్మిన ఆశయం ఒకవైపు లాగుతుంటే హాస్టల్ గదిలో నిద్రపట్టని రాత్రులు మనకూ ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే రెండోది విడవాలనే లోకం చెబుతుంది. ఒక్కోసారి అది నిజం కూడా. విభీషణునికి వేరే దారి లేకపోయింది. కాని ప్రతి ఇల్లూ లంక కాదు. మన పనిలోనే మనవాళ్ళ పేరు కలపగల తోవ ఉన్నప్పుడు, ఆ తోవన ముందు నడిచినవాడు మన జిల్లావాడే ఉన్నాడు. మన నిద్ర ఎవరు మోస్తున్నారో మరవవద్దన్నవాడు కూడా అతడే.

ఏడు వందల ఏండ్లకు పైగా అయ్యింది. ఆయన తన పేరు పైకెత్తుకోలేదు. కాబట్టి ఎత్తవలసినవాళ్ళం మనమే. ఈ నాలుగు మాటలూ ఆ పనికి ఉడుతాభక్తి.