స్త్రీ ఆరోగ్యానికి వెలుగు చూపిన యల్లాప్రగడ సుబ్బారావు

షోలాపూర్ పూర్వ భాగ్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య బ్రతుకు వెళ్లదీసే నేత కుటుంబాల స్త్రీలకు, ఇంటి అరుగుపై బీడీలు చుట్టే తల్లులకు, గర్భవతులుగా ఉన్నప్పుడు ఇచ్చే ఎర్రని రక్తపు మాత్ర సుపరిచితమే. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లాన్ని ఔషధంగా లోకానికి అందించిన పరిశోధక బృందానికి నాయకుడు ఒక తెలుగువాడని ఎరిగినవారు కొద్దిమందే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. పేదరికం వెంటాడిన బాల్యం ఆయనది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తి పడవలసి వచ్చింది. చేనేత వస్త్రానికి ఆయన చెల్లించిన మూల్యమది.

స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో పొట్టన పెట్టుకున్నది. తానూ ఆ వ్యాధికి గురై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మామగారి సహాయంతో 1920ల తొలినాళ్లలో అమెరికా చేరారు. ఆ తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు. భార్య శేషగిరిని తిరిగి కలుసుకునే యోగమూ లేకపోయింది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వెలువరించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై వారి పరిశోధన పాఠ్యగ్రంథాలకెక్కింది. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

ఇక్కడ మరొక వైద్యురాలిని స్మరించాలి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పీడించే తీవ్ర రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని అసలు పదార్థం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. సుబ్బారావుగారి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూకు సైతం అది మందయింది.

ఫోలిక్ ఆమ్లం కణాల పెరుగుదలకు అవసరం. మరి దాని పనిని అడ్డగిస్తే క్యాన్సర్ కణాల పెరుగుదల ఆగదా? ఈ ఆలోచనతో సిద్ధమైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలపై ప్రయోగించి, 1948లో ఫలితాలు వెల్లడించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ యేట కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌తో 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు మాయ కణాల నుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను నయం చేశారు. అంతవరకు ఆ వ్యాధి ఊపిరితిత్తులకు పాకిందంటే ఆ తల్లికి మృత్యువే. గర్భసంచి వెలుపల పిండం నిలిచినప్పుడు, తొలిదశలో గుర్తిస్తే, శస్త్రచికిత్స లేకుండా కాపాడేందుకు నేడు ఆ మందునే వాడుతున్నారు.

అయినా స్త్రీల వ్యాధులన్నీ లొంగలేదు. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం వెలుపల పెరిగి, నెలనెలా దుర్భర బాధ కలిగించే ఎండోమెట్రియోసిస్‌కు మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. హార్మోను మందులు, శస్త్రచికిత్స ఉపశమనమిస్తాయి. కాని మన వాడల్లో ఆ నొప్పిని ఓర్చుకోవడమే స్త్రీ లక్షణమని భావించి మౌనం వహించేవారే ఎక్కువ. మిల్లు కార్మిక స్త్రీ బాధను ఒక వైద్యురాలు పట్టించుకొన్నందువల్లనే ఫోలిక్ ఆమ్లానికి బాట పడింది. బాధను బయటపెట్టనిదే వైద్యానికి దారి దొరకదు. మన ఆడబిడ్డల బాధను ఆలకించి, వేళకు వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లడమే ఆ మహనీయునికి మనమర్పించగల నివాళి.