ఫిడేలు నాయుడుగారు

విజయనగర పట్టణమునకు కోటయు గంటస్తంభమును ఎట్టి గుర్తులో, ఒకానొక కాలమున ఫిడేలు నాదమును అట్టి గుర్తుగనే యుండెను. ఆ పేరు తెచ్చినవారు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. జనులు వారిని ఇంటిపేరుతో గాని అసలు పేరుతో గాని పిలువక, ఫిడేలు నాయుడుగారనియే పిలుచుకొనిరి. వారు వేదికలెక్కి ఉపన్యాసములిచ్చి కీర్తి గడించినవారు కారు. వాదప్రతివాదములలో దిగినవారును కారు. వారి జీవితములో పెక్కు వత్సరములు పాఠశాలకును ఇంటికిని నడుమ, శిష్యులకును సంతానమునకును నడుమ గడచినవి. అట్టివారిని గూర్చి చెప్పవలసినది స్వల్పమనుకొందుము గాని, తరచి చూచినచో అట్లు కాదు.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యములో ఉద్యోగి. ఆయన ఉద్యోగ విరమణానంతరము కుటుంబము విశాఖపట్టణము చేరినది. బాలునకు చూపు చిన్ననాటనే మందగించెను. అక్షరములు చూచి చదువుట కష్టమై బడిచదువు సాగలేదు. చూపు తక్కువైన పిల్లవానికి ఆ రోజులలో బ్రతుకుతెరువేమి? కన్నవారి మనస్సులెట్లుండునో ఊహింపవచ్చును. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వాద్యమునందు ప్రవేశముండెను. ఆయన తమ్ముని చేతికి కమాను నిచ్చి, తానే గురువై పాఠము చెప్పెను. నాయుడుగారికి సంగీతవిద్య ఇంటిలోనే, తోబుట్టువు చేతి మీదుగనే లభించినది. తరువాత వారు తమ బిడ్డలకు విద్య చెప్పుటలో చూపిన శ్రద్ధకు మూలము ఇచ్చటనే కలదని నా తలంపు.

1919లో శ్రీ విజయరామ గజపతిరాజుగారు విజయనగరములో సంగీత పాఠశాల స్థాపించిరి. సంస్థానమునకు చెందిన ఒక ఉద్యోగి కుమారుడు అంధుడగుటచే, ఆ బాలునకొక విద్య చెప్పింపవలెనను సంకల్పమే దానికి నాంది యని పెద్దలు చెప్పుదురు. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. ఈ వార్త విని, ఇరువదియైదేండ్లు దాటిన నాయుడుగారు విద్యార్థిగా చేరుటకు విజయనగరము వచ్చిరి. దాసుగారు వారి వాద్యము వినిరి. విన్న పిమ్మట వారిని విద్యార్థుల వరుసలో కూర్చుండబెట్టుటకు మనసొప్పక, ఫిడేలు ఆచార్యులుగనే నియమించిరి. శిష్యుడుగా చేరవచ్చినవాడు ఆచార్యుడై కూర్చుండుట మన దేశమున అరుదైన సంగతి. దాసుగారు కొమ్ములు తిరిగిన పండితులు. మెచ్చుకొనుట వారికి సులభసాధ్యము కాదు. కావున ఈ నియామకమునకు విలువ యెక్కువ.

ఆచార్యపదవి దొరకినదని నాయుడుగారు సాధన మానలేదు. ఆ సాధనలో వారికి ముఖ్యాధారము చెవి. శ్రుతిశుద్ధియందు వారికి గల పట్టుదల ప్రసిద్ధము. తంబురా యొక్క ప్రాముఖ్యమును గూర్చి వారు ప్రత్యేకముగా వ్రాసియున్నారు కూడ. చూడలేని కన్నులు గలవానికి శ్రుతియే దారి చూపునది గదా!

ఇచ్చట ఫిడేలును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇది పాశ్చాత్య వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములైన బాలుస్వామి దీక్షితులవారు దీనిని మన సంగీతమునకు అలవరచిరి. పాశ్చాత్యులు నిలుచుండి గడ్డము క్రింద నుంచుకొని వాయింతురు. మనవారు కూర్చుండి, వాద్యము కొనను కుడిపాదముపై నానించి వాయింతురు. అయితే ఆ కాలమున మన కచేరీలలో దాని స్థానము గాయకుని ప్రక్కన మాత్రమే యుండెను. గాయకుడు పాడినదానిని వెన్నంటి పోవుట, ఆయన ఆగినపుడు అందుకొనుట, ఇంతవరకే నాడు దాని పని. నాయుడుగారును గొప్ప గాయకులకు పెక్కురకు ప్రక్కవాద్యము వాయించిరి. కాని ఫిడేలు ఒంటరిగా కచేరీ నడుపగలదని వారి విశ్వాసము. 1938లో వెల్లూరులో వారు ప్రథమముగా ఏకవాద్య కచేరీ చేసిరి. గాత్రము లేని కచేరీకి జనులు కూర్చుందురా యను సందేహము ఆనాడు సహజమే. జనులు కూర్చుండిరి, విని ఆనందించిరి. పాశ్చాత్య విద్వాంసుల కమాను పోకడలను గమనించి, పొడవైన కమానుతో నాదము తెగకుండ సాగదీయుటను వారు మన రాగభావమునకు లోబరచుకొనిరి. పరాయివారి యొద్ద మంచి కలదన్న గ్రహింపవలెనే గాని, మన సొత్తు విడువరాదన్నది వారి వాద్యమునందే వినబడును.

1936లో నారాయణదాసుగారు విరమింపగా నాయుడుగారు పాఠశాలాధ్యక్షులైరి. ఆ కాలముననే కృష్ణా మండలము నుండి ఒక బీదబాలుడు ఉంగరమమ్ముకొని విజయనగరము చేరెను. అవి వేసవి సెలవులు, పాఠశాల మూసియున్నది. తినుటకు తిండి లేదు, ఉండుటకు చోటు లేదు. నాయుడుగారు ఆ బాలునకు పాఠశాల ఆవరణలోనే బస చేయుటకు అనుమతి నిచ్చిరి. మధూకరమెత్తుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద గాత్రవిద్య నభ్యసించిన ఆ బాలుడే తరువాత ఘంటసాల వేంకటేశ్వరరావుగా తెలుగు దేశమంతయు ఎరిగిన గాయకుడు. ఆనాడు తలుపు తెరువనిచో ఏమయ్యెడిదో! పి. సుశీలగారును ఈ విద్యాలయమున చదివినవారే.

ఇక ఇల్లు. ద్వారంవారి ఇంట ఫిడేలు వంశపారంపర్యమైన ఆస్తి యయ్యెను. కుమారులు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు తండ్రి విద్యను స్వీకరించి విద్వాంసులైరి. ఆడపిల్ల సభలో వాద్యము పట్టుటకు పలువురు సంకోచించు కాలములో ఆమెకు కమాను నిచ్చుట సామాన్యము కాదు. భావనారాయణరావుగారును, ఆ వంశమువారే యైన నరసింగరావు నాయుడుగారును కాలక్రమమున ఆ సంగీత కళాశాలకు అధ్యక్షులైరి. అన్నగారు తమ్మునకు నేర్పిన పాఠము ఇన్ని చేతులు మారినది.

సత్కారములు వారిని వెదకికొని వచ్చినవి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదముతో గౌరవించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ నిచ్చెను. 1957లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. 1952లో జగద్విఖ్యాత పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ మద్రాసు వచ్చినపుడు, న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యము విని ముగ్ధుడయ్యెను. ఇద్దరి వాద్యమొక్కటే, మాతృభాషలు, సంప్రదాయములు వేరు. విశాఖలో బడి మానవలసివచ్చిన బాలుని తల్లిదండ్రులు ఈ దృశ్యమును కలనైన కనియుండరు.

నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన పరమపదించిరి. 1993లో, వారి శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ వారి స్మారకముగా బిళ్ళను వెలువరించెను. విశాఖలో వారి పేర కళాక్షేత్రమొకటి యున్నది. విజయనగరములోని సంగీత కళాశాలకు 2019లో నూరేండ్లు నిండినవి; అచ్చట ఫిడేలు పాఠము నేటికిని చెప్పుచునే యున్నారు.