గజ్జెల సవ్వడిలో మరుగుపడిన పండితుడు

విజయనగరం: ఆదిభట్ల నారాయణదాసు పేరు వినగానే చిడతలు, కాలిగజ్జెలు, మెడలో పూలదండ కళ్లముందు మెదులుతాయి. హరికథా పితామహుడన్న ఖ్యాతి ఆయనను చిరస్మరణీయుణ్ణి చేసింది. ఆయనలోని బహుభాషా పండితుణ్ణి, విద్యాగురువును కొంత మరుగుపరచినదీ ఆ ఖ్యాతే.

నేటి పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలంలోని అజ్జాడలో 1864 ఆగస్టు 31న జన్మించిన ఆయన అసలు పేరు సూర్యనారాయణ. పసితనంలోనే భాగవత పద్యాలు కంఠస్థమయ్యాయి. ఆ బాలుడు ధారాళంగా పద్యాలు చదవగా విని మురిసిన పుస్తక వర్తకుడొకరు భాగవతాన్ని కానుకగా ఇచ్చారని ప్రతీతి. మద్రాసు నుంచి వచ్చిన ఒక భాగవతారు కథ విని, 1883లో ధ్రువచరిత్ర రచించి స్వయంగా గజ్జె కట్టారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు.

రచన, గానం, నృత్యం, అభినయం అన్నీ ఆయనవే. రెండు చేతులా రెండు తాళాలు, రెండు పాదాలా మరో రెండు, శిరస్సుతో అయిదవది వేస్తూ పాడేవారు. పంచముఖి పరమేశ్వరుడన్న బిరుదు అందుకే వచ్చింది. సంస్కృతాంధ్రాలే కాక ఆంగ్ల, పారశీక, అరబ్బీ భాషలూ నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం నుంచీ వేర్వేరుగా సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. 1932లో వెలువడిన ఆ గ్రంథాన్ని తెరచి చూసేవారు ఇప్పుడు అరుదు.

1919లో విజయరామ గజపతి సంగీత కళాశాల స్థాపించి దాసుగారిని తొలి అధ్యక్షునిగా నియమించారు. ఆస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి సంగీతం నేర్పించాలన్న తలంపుతోనే కళాశాల పుట్టిందని చెబుతారు. అదే ఏడాది, చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరవచ్చారు. ఆయన వయొలిన్ విన్నాక విద్యార్థిగా కాదు, ఏకంగా అధ్యాపకునిగానే తీసుకున్నారు. బడి తిప్పి పంపిన యువకునికి కళాశాల గురుపీఠం వేయడం ఆనాటికే కాదు, ఏనాటికైనా అపురూపమే. 1936లో దాసుగారి తరువాత అధ్యక్షుడైనదీ ఆయనే. ఘంటసాల వంటివారు పిదప ఆ ప్రాంగణంలోనే చదివారు.

1945 జనవరి 2న దాసుగారు కన్నుమూశారు. ఆయన స్వీయచరిత్ర ‘నా యెరుక’ తొలి మూడు పదుల వయసుతోనే ఆగిపోయింది. కళాశాలలో గడిపిన పదిహేడేళ్ల ముచ్చట అందులో లేదు.